ఎల్ పలకని కీబోర్డు

డెట్టాల్ వాసన తగిలితే నేను ఇప్పటికీ అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోతాను. కలకత్తాలో రెండేళ్లపాటు నేను నడిపిన పిల్లల కంప్యూటర్ క్లబ్బు గుర్తొస్తుంది. సమాజసేవ అనే మాట ఎవరి నోట విన్నా ముందు నాకు ఆ వాసనే వస్తుంది, తర్వాతే ఆ మనిషి చెప్పేది వినబడుతుంది.

నేనప్పుడు బ్యాంకులో ఆఫీసర్ని. గుంటూరు నుంచి బదిలీ మీద వెళ్లాను. ముఖ్యమంత్రి మారినా జెండా ఎరుపు మారని రోజులవి. కంప్యూటర్ వస్తే మన పొట్ట కొడుతుందని ఒకప్పుడు మా బ్రాంచి మెట్ల మీద కూర్చుని నినాదాలు చేసిన దాదాలే, అంటే అన్నయ్యా అన్నట్టు పిలుచుకునే మా బెంగాలీ సహోద్యోగులే, నేను వెళ్లేసరికి పిల్లల్ని కంప్యూటర్ కోర్సులో చేర్చాలని సెలవు చీటీలు రాస్తున్నారు. ఊరంతా అదే యావ. మన తెలుగువాళ్ల సంఘానికి కూడా ఆ యావ పట్టుకుంది.

సంఘమంటే ఆఫీసర్లు, బ్యాంకువాళ్లు, ప్రొఫెసర్లు కలిసి నడుపుకునేది. ఉగాదికి పులిహోర, ఏడాదికో నాటకం, మిగతా రోజుల్లో ఎవరికి ఏ ఊరు బదిలీ అయిందో చెప్పుకోవడం. సంఘం హాలుకి వెనక గోడ అవతలే కార్పొరేషన్ క్వార్టర్లు. అందులో ఉండేవాళ్లు కూడా తెలుగువాళ్లే. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఈ ఊరు ఊడ్చే పనిలో కుదురుకున్నారు. ఇన్నేళ్లలో పులిహోర వాసన ఆ గోడ దాటి ఉంటుంది గానీ, పులిహోర దాటినట్టు నేను చూడలేదు.

సంఘం కార్యదర్శి గారిది కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో పెద్ద హోదా. వాళ్ల ఆఫీసులో ఇక పనికిరావని పక్కన పడేసిన ఆరు కంప్యూటర్లను ఒక్క ఉత్తరంతో సంఘానికి ఇప్పించారు. దానికి విరాళం అని పేరు పెట్టారు. దర్జీల పేట మెటియాబ్రుజ్‌లో ఎవరికో చెప్పి వాటికి కుచ్చులున్న గులాబీ రంగు ముసుగులు కుట్టించారు. ముసుగుల కింద మిషన్లు మాత్రం ముక్కుతూ మూలుగుతూ లేచేవి. బ్యాంకు ట్రైనింగులో నేను కాస్త ప్రోగ్రామింగు నేర్చుకున్నానని తెలిసి ఆదివారాలు పిల్లలకు చెప్పమన్నారు. నాకూ ఉబలాటంగానే ఉంది. జీతం భత్యం లేని పని కదా, గొప్ప మనసు ఉన్నట్టు అనిపించేది.

పిల్లలకు లోగో అనే తేలికైన ప్రోగ్రామింగు భాష నేర్పేదాన్ని. తెర మీద ఒక చిన్న తాబేలు ఉంటుంది. ముందుకు యాభై అంటే యాభై అడుగులు గీత గీస్తూ వెళ్తుంది. కుడికి తొంభై అంటే కుడికి తిరుగుతుంది, ఎడమకి అంటే ఎడమకి. ఇంతే. ఈ నాలుగు ముక్కలతో ఇల్లు గీయొచ్చు, నక్షత్రం గీయొచ్చు.

మొదటి ఆదివారం ఆఫీసర్ల పిల్లలు వచ్చారు. రెండో ఆదివారం కిటికీ చువ్వలు పట్టుకుని క్వార్టర్ల పిల్లలు నిలబడ్డారు. లోపలికి రమ్మన్నాను. ఆ ఒక్క మాట నేను మనస్ఫూర్తిగా అన్నాను, అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను. కుర్చీకి ఇద్దరు చొప్పున కూర్చుని తాబేలుని తెర బయటికి తరిమేసి పొట్ట పట్టుకుని నవ్వారు. వాళ్ల తెలుగులో సగం బెంగాలీ ఉండేది. తెలుగు అక్షరాలు రావు, బడిలో నేర్చిన బెంగాలీ, కాస్త ఇంగ్లీషు అక్షరాలే వచ్చు.

మూడో ఆదివారం కార్యదర్శి గారు డెట్టాల్ సీసా, దూది తెచ్చారు. క్వార్టర్ల పిల్లవాడు లేచిన కుర్చీలో వాళ్లబ్బాయి కూర్చునే ముందు కీబోర్డు మీద ఒక్కో మీటని విడివిడిగా తుడిచారు. మనిషి మంచి మర్యాదస్తుడు, ఎవరినీ ఒక్క మాట అనలేదు. "ఇన్ఫెక్షన్లు మేడమ్, మీకు తెలీంది కాదు" అన్నారు నాతో. నాకు తెలుసు. నేనేం చేశానంటే, ఆయన చేతిలో దూది నల్లబడితే ఇంకో ముక్క తుంచి అందించాను.

ఆ సాయంత్రమే నియమం పుట్టింది. క్లబ్బుకు వచ్చే ప్రతి పిల్లా, పిల్లాడూ ఎవరి కీబోర్డు వాళ్లే తెచ్చుకోవాలి. పైకి ఎంత న్యాయంగా ఉందో చూడండి. పాత కీబోర్డులు అరిగిపోయాయి, పైగా ఎవరి వస్తువు వాళ్లకుంటే శ్రద్ధ పెరుగుతుంది. మా ఊళ్లో టీ కొట్టు బయట మేకుకి వేరే గ్లాసు వేలాడదీసే పద్ధతిని నేను చిన్నప్పుడు చూశాను. ఇక్కడ గ్లాసు కూడా వాళ్లనే తెచ్చుకోమన్నాం, అంతే తేడా. ఆ నోటీసు రాసింది నేనే. నా చేతిరాత బాగుంటుందని అందరూ అంటారు. తెలుగులో రాశాను, ఇంగ్లీషులో రాశాను, గోడ అవతలి పిల్లలకు అర్థం కావాలి కదా అని బ్యాంకులో ఒక దాదా చేత బెంగాలీలో కూడా రాయించి తెచ్చాను. అంత శ్రద్ధగా చేశాను ఆ పాడు పని.

తర్వాతి ఆదివారం గోడ అవతలి నుంచి ఎవరూ రాలేదు. ఆ పై వారం ఒక్క అమ్మాయి వచ్చింది. తొమ్మిదో తరగతి. రెండు జడలు, బడి యూనిఫారమే ఆదివారం కూడా. చంకలో ఒక కీబోర్డు, దాని తీగ జాగ్రత్తగా చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఉంది. వెనక వాళ్లమ్మ గుమ్మం బయటే చెప్పులు విడిచి నిలబడింది.

"ఇదేనా అమ్మగోరూ మీరు తెమ్మన్నది" అంది తల్లి.

ఎక్కడిదని అడిగాను. ఆమె ఊడ్చే వీధుల చివర చెత్త పోసే వ్యాటు ఉంది. ఏదో ఆఫీసువాళ్లు పారేసిన సామానులో దొరికిందట.

"సర్ఫు నీల్లలో నానెట్టేసినానమ్మా. పాత బ్రస్సెట్టి సందులన్నీ తోమినాను. మూడు దినాలు మేడ మీద ఎండెట్టినాను" అంది.

కరెంటుతో పనిచేసే వస్తువును అంట్ల గిన్నెలా నీళ్లలో నానబెట్టడం ఇంకెవరైనా చేస్తారా. శుభ్రంగా ఉంటేనే రానిస్తారని ఆమెకు అర్థమైంది, ఆమెకు తెలిసిన శుభ్రం అది. ఆ గదిలో ఉన్న కీబోర్డులన్నిటిలో తెల్లగా మెరిసేది అదొక్కటే. మిషనుకు తగిలించి చూస్తే పనిచేసింది కూడా. ఒక్క ఎల్ మీట మాత్రం ఎంత నొక్కినా పలకలేదు.

కార్యదర్శి గారు దూరం నుంచి చూసి, "చెత్తలోదా" అని అడిగారు. కడిగారని చెప్పాను. పెదవి విరిచి ఊరుకున్నారు. ఆయన ఇప్పించిన కంప్యూటర్లు కూడా ఒక ఆఫీసు చెత్తే. ఉత్తరం మీద వస్తే విరాళం, చీపురు పట్టిన చేతిలో వస్తే చెత్త. ఈ మాట అప్పుడే నా మనసులోకి వచ్చింది. పైకి అనలేదు.

ఆజ్ఞలు ఇంగ్లీషులో కొట్టాలి, ఎల్ లేకపోతే లెఫ్ట్ అని, అంటే ఎడమకి తిరగమని కొట్టడం కుదరదు. మా ఇంట్లో అటక మీద మంచి కీబోర్డు ఒకటి ఊరికే పడి ఉంది. వచ్చే వారం తెస్తానని ఆ అమ్మాయికి చెప్పాను. ఆ వచ్చే వారం రెండేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు. ఆదివారం పొద్దున్నే స్టూలు ఎక్కి దుమ్ములో చేయి పెట్టడానికి బద్ధకం, ఇంకేం లేదు.

"పర్లేదాంటీ, నాకు ఎడమతో పన్నేదు" అంది ఆ అమ్మాయి రెండో వారం. "మూడుపాలు కుడికి తిరిగితే ఎడమకి తిరిగినట్టే గదా."

కుడికి రెండు వందల డెబ్బై అని కొట్టింది. తాబేలు గుండ్రంగా తిరిగి ఎడమ ముఖంగా నిలబడింది. నేర్పినదాన్ని నేనే అయినా నాకు ఆ ఆలోచన తట్టలేదు. అప్పటినుంచి ఆమె ప్రోగ్రాముల్లో అన్నీ కుడి మలుపులే.

మిగతా పిల్లలు ఇళ్లు, పువ్వులు గీస్తుంటే ఈమె ఒక విచిత్రమైన బొమ్మ మొదలుపెట్టింది. గీతలు, మలుపులు, సందులు. ఏమిటని అడిగితే, "మా యమ్మ బీటు" అంది. తెల్లవారుజామున వాళ్లమ్మ ఊడ్చే వీధులు. క్వార్టర్ల గేటు దగ్గర మొదలై ట్రామ్ డిపో గోడ వెంట వెళ్లి, చేపల బజారు చుట్టి, స్వీట్ల కొట్టు సందులోంచి మళ్లీ గేటు దగ్గరికి రావాలి. అడుగులు లెక్కపెట్టుకుని వచ్చి, నోటుపుస్తకంలో రాసుకుని, తాబేలు చేత నడిపించింది. కానీ ప్రతిసారీ తాబేలు గేటుకి అంగుళం ఇవతలే ఆగిపోయేది. ఐదు ఆదివారాలు దాంతో కుస్తీ పట్టింది. చివరికి కనిపెట్టింది: రెండు సందుల్లో తను నడవలేదు, అమ్మ చెప్పిన అడుగులు రాసుకుంది. అమ్మది పెద్ద అడుగు, తనది చిన్నది. ఆ రెండు సందులూ మళ్లీ తనే నడిచి వచ్చి అంకెలు మార్చింది. తాబేలు సరిగ్గా గేటు మీదికి వచ్చి నిలబడింది. చప్పట్లు కొట్టలేదు, గంతులు వేయలేదు.

"అమ్మ ఇంటికొచ్చేసినాది" అంది, అంతే.

ఆ సమయంలోనే సంఘం వార్షికోత్సవానికి ఒక పెద్దమనిషి వస్తున్నాడని తెలిసింది. ఆయనా తెలుగువాడే, ఊళ్లో సొంత కంప్యూటర్ శిక్షణ సంస్థ ఉంది. క్లబ్బు పిల్లల పని చూసి, బాగా చేసిన ఒక్కరికి ఏడాది కోర్సులో ఉచితంగా సీటు ఇస్తానన్నాడు. కోర్సు అయ్యాక తన దగ్గరే పని కూడా ఇస్తాడట. ఈ కబురు గోడ అవతలికి వెళ్లింది. తల్లి నన్ను వెతుక్కుంటూ బ్యాంకు దాకా వచ్చింది. లోపలికి రాకుండా మెట్ల దగ్గరే ఆగింది.

ఆమెకు దగ్గు. దుమ్ములో పనిచేయొద్దని డాక్టరు చెప్పాడట. ఆమె మానేస్తే కూతురు ఆమె స్థానంలో బదులు మనిషిగా చీపురు పట్టాలి. ఇంట్లో ఒకరు పనిలో లేకపోతే క్వార్టరు పోతుంది. ఆ క్వార్టర్లలో ఎప్పటినుంచో నడుస్తున్న పద్ధతి అది. ఆమె భర్త పోయాక ఆ చీపురు ఆమెకు వచ్చిందీ అలాగే.

"ఆ సీటు మా గుంటకొస్తే ఈ సీపురు నాతోనే ఆగిపోద్దమ్మా" అంది. "ఒక్క రెండేల్లు ఎలాగో లాగించెత్తాను. ఏటంటారు?"

తప్పకుండా వస్తుందని చెప్పాను. గట్టిగానే చెప్పాను. అప్పుడు నిజంగానే నమ్మాను కూడా.

వార్షికోత్సవానికి వారం ముందు కార్యదర్శి గారు ప్రోగ్రాములన్నీ చూశారు. ఆయనకు మతి ఉంది, ఏది మంచిదో వెంటనే పట్టుకున్నారు. కానీ ఒక ఇబ్బంది చెప్పారు. "బ్రహ్మాండంగా ఉంది మేడమ్. కాకపోతే వచ్చిన అతిథికి ఊడ్చే వీధులు చూపిస్తామా? మన పరువేం కాను? దుర్గా పూజ పందిళ్లు చూసే దారి అని పేరు పెడదాం. ఈ వీధుల్లో పందిళ్లు ఉంటాయి కదా." ఉంటాయి, అబద్ధం కాదు. తర్వాత ఇంకో మాట. అతిథి ముందు ఇంగ్లీషులో చెప్పాలి, ఆ అమ్మాయి తడబడుతుంది, మా అబ్బాయి చదివేస్తాడు, ఇద్దరి పేర్లూ ఉంటాయి అన్నారు. నేను సరే అన్నాను. ఇద్దరి పేర్లూ ఉంటాయి కదా అని నాకు నేనే రెండుసార్లు చెప్పుకున్నాను. ఆ అమ్మాయికి కూడా అలాగే చెప్పాను. ఆమె తెర మీది గేటు మీద వేలు పెట్టింది. తాబేలు బయలుదేరే చోటుని మాత్రం మార్చొద్దని అడిగింది.

వార్షికోత్సవం రోజు పొద్దున హాలంతా బంతిపూలు. కార్యదర్శి గారింటి నుంచి కొత్త కంప్యూటరు తెచ్చి వేదిక మీద పెట్టారు. ముందు వరసలో కుర్చీలు, వెనక చాపలు. చాపల మీద ఎవరు కూర్చున్నారో చెప్పక్కర్లేదు. తెర వెలిగింది. బొమ్మ కింద ఒక్క పేరే ఉంది, అబ్బాయి పేరు. వాడి మిషను కదా, అలా వచ్చేసిందని తర్వాత ఆయన అన్నారు.

అబ్బాయి బాగానే చదివాడు. వాడి మీద నాకేం కోపం లేదు, వాడు చెప్పింది చేశాడు. అతిథి మాత్రం ఊరికే తల ఊపి వదిలేసే రకం కాదు. ప్రోగ్రామంతా చూపించమన్నాడు. కళ్లద్దాలు పైకి తోసుకుని వరస వరసా చదివాడు.

"అన్నీ కుడి మలుపులే ఉన్నాయేం బాబూ? ఎడమకి ఒక్కసారి కూడా తిప్పలేదు. ఎందుకని?"

అబ్బాయి తండ్రి వైపు చూశాడు. తండ్రి, "అదొక టెక్నిక్ సార్" అన్నారు నవ్వుతూ. అతిథి నవ్వలేదు. నా వైపు తిరిగాడు.

"మీరు కదమ్మా నేర్పింది. మీరు చెప్పండి. ఇది రాసిందెవరు?"

సమాధానం నా నాలుక మీదే ఉంది. రాసినమ్మాయి కీబోర్డులో ఎల్ పనిచేయదండీ, ఆ చాప మీద రెండు జడల అమ్మాయి. అంతే, ఒక్క ఊపిరిలో అయిపోయే మాట. అప్పటికి సంఘం వాళ్ల సిఫార్సుతో మా పాపకు మంచి స్కూల్లో అడ్మిషన్ కదులుతోంది. కార్యదర్శి గారికి ఆ ప్రిన్సిపాల్ బాగా తెలుసు. ఇది సాకుగా చెప్పడం లేదు. ఆ క్షణంలో నా బుర్రలో తిరిగింది ఇదే, కాబట్టి రాస్తున్నాను.

"లెక్క సులువుగా ఉంటుందని అలా పెట్టుకున్నారండీ. పిల్లలందరూ కలిసి చేశారు" అన్నాను.

పిల్లలందరూ కలిసి. ఆ ఊళ్లో ఆ రోజుల్లో అందరూ కలిసి అన్న మాటకు ఎదురు చెప్పేవాళ్లు లేరు. అతిథి చప్పట్లు కొట్టాడు, హాలంతా కొట్టింది. జట్టుకు నాయకుడివి నువ్వేనన్నమాట అని అబ్బాయి భుజం తట్టి సీటు ప్రకటించాడు. నాకు సేవకు గుర్తుగా ప్లాస్టిక్ కాగితం చుట్టిన పూలగుత్తి ఇచ్చారు. దాన్ని పట్టుకుని చాపల వైపు చూశాను. ఆ అమ్మాయి వేదికను చూడటం లేదు. నన్నే చూస్తోంది. కోపంగా కూడా లేదు. కొత్త మనిషిని చూస్తున్నట్టు చూస్తోంది.

ఆ సీటు సంగతి కూడా చెప్పేస్తాను. అబ్బాయి నాలుగు వారాలు వెళ్లి మానేశాడు. తర్వాత తండ్రికి ఢిల్లీ బదిలీ అయింది. ఆ అమ్మాయి మళ్లీ క్లబ్బుకు రాలేదు. ఏడాదిన్నర తర్వాత ఒక పొద్దున ట్రామ్ డిపో గోడ దగ్గర చీపురు పట్టుకుని కనబడింది. పైట చెంగు ముక్కుకు కట్టుకుంది గానీ జడలు గుర్తుపట్టాను. నేను రోడ్డు దాటి అవతలి పక్క నుంచి నడిచి వెళ్లాను. మా పాపకు ఆ స్కూల్లో అడ్మిషన్ వచ్చింది. బాగానే చదువుకుంది.

కానీ నాకు అన్నిటికంటే ఎక్కువ రోత పుట్టించేది ఆ వార్షికోత్సవం రోజు మధ్యాహ్నమే. భోజనాలు అయ్యాయి. గాలి కోసం పూలగుత్తితోనే వెనక గుమ్మంలోకి వెళ్లాను. హాలు శుభ్రం చేయడానికి ఆ తల్లినే ముందుగా మాట్లాడుకున్నారట, నాకు తెలీదు. తోపుడు బండిలో విస్తళ్లు, థర్మోకోల్ కప్పులు ఎత్తి పోస్తోంది. బండి పక్కన, పారేసిన సామాను కుప్పలో, ఆ తెల్ల కీబోర్డు ఉంది. అది ఎప్పుడూ హాలు కిటికీ గూట్లో ఉండేది, క్వార్టర్లో పెట్టుకోవడానికి చోటు లేదని అక్కడ ఉంచేది ఆ అమ్మాయి. అతిథి వస్తున్నాడని పొద్దున గూడు సర్దేసినట్టున్నారు. మీటల మీద పులిహోర మెతుకులు.

తల్లి దాన్ని తీసి, చీర కొంగుతో మెతుకులు దులిపింది. నన్ను చూసింది.

"పొరపాటున పడి ఉంటుంది. ఇంటికి తీసుకెళ్లు" అన్నాను.

"ఒకపాలి తీసినాను, కడిగినాను గదమ్మా" అంది దగ్గుతూ. "ఇంకేటి కడగమంటారు?"

గొంతులో నిష్ఠూరం ఏమీ లేదు. నిజంగానే అడిగింది. తర్వాత కీబోర్డును బండిలో విస్తళ్ల మీద పెట్టింది.

"ఆ పూలు గూడా ఇచ్చెయ్యండి. మల్లీ రాను నాను."

పూలగుత్తి ఇచ్చేశాను. ఇచ్చేటప్పుడు ఆమె వేళ్లు నా వేళ్లకు తగిలాయి. ఆమె బండి తోసుకుంటూ వెళ్లిపోయింది. నేను లోపలికి వచ్చి, ఏమీ ఆలోచించకుండా తిన్నగా పంపు దగ్గరికి వెళ్లి, అక్కడున్న సీసా మూత తీసి చేతులు కడుక్కున్నాను. వాసన ముక్కుకు తగిలాక గానీ అది డెట్టాల్ అని నాకు తెలియలేదు.